ముగ్గురికి ఒక హాస్టల్ గది: ఉన్న చోటులో సామాను సర్దుకునే విధానం

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో చేరే విద్యార్థికి కౌన్సెలింగు, ఫీజు, సర్టిఫికెట్ల పరిశీలన ముగిశాక ఎదురయ్యే తొలి చిక్కు హాస్టల్ గది. తెలుగు రాష్ట్రాల కళాశాలల్లో చాలాచోట్ల ముగ్గురికో నలుగురికో కలిపి ఒక గది ఇస్తారు. ఇక్కడ 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న గదిలో ముగ్గురు ఉంటున్నారని అనుకుని లెక్క వేద్దాం. గది వైశాల్యం 120 చదరపు అడుగులు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న ఇనుప మంచాలు మూడు వేస్తే 54 చదరపు అడుగులు పోతాయి. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న బల్లలు మూడింటికి పదమూడున్నర, ముగ్గురి బీరువాలకు మరో ఏడు తీసేస్తే మిగిలేది సుమారు 45. తలుపు తెరుచుకోవడానికి, కుర్చీలు వెనక్కి జరగడానికి కావలసిన జాగా కూడా అందులోనే ఉంది కనుక, మనుషులు మసలడానికి చివరికి మిగిలేది మంచాల మధ్య ఒక సన్నని దారి. ఆ దారిలో ట్రంకు పెట్టె గాని, బకెట్టు గాని, బూట్లు గాని నిలవకుండా చూసుకోగలిగితే గది సర్దుకున్నట్టే. ఈ వ్యాసంలో చెప్పే ఏర్పాట్లన్నీ అందుకోసమే.

మొదటి అడుగు: ఇంటి దగ్గరే తగ్గించుకోవడం

గదిలో చోటు చాలకపోవడానికి మొదటి కారణం ఇంటి దగ్గర కట్టే మూటల్లోనే ఉంటుంది. హాస్టల్లో ఏం దొరుకుతుందో ఏం దొరకదో తెలియక, పెద్దవాళ్లు అవసరమైనదీ కానిదీ కలిపి సర్దేస్తారు. వారి ప్రేమను కాదనలేము కాబట్టి బేరం ముందుగానే మాట్లాడుకోవాలి. బట్టల సంఖ్యను ఉతుకు వంతును బట్టి లెక్కించడం మంచి పద్ధతి. వారానికి ఒకసారి బట్టలు ఉతుక్కునేవారికి, లేదా చాకలికి వేసేవారికి, ఏడు జతలూ వానాకాలంలో ఆరకపోతే ఆదుకోవడానికి మరో రెండు జతలూ సరిపోతాయి. ఇరుకు అరలో ఇరవై జతలు పెట్టినవారు చివరికి పైన ఉన్న ఐదింటినే తిప్పి తిప్పి వేసుకుంటారు. పండుగ బట్టలు ఒక్క జత చాలు. పక్క దుప్పట్లు రెండు, తువ్వాళ్లు రెండు, దిండు గలీబులు రెండు ఉంటే ఒకటి వాడకంలో, ఒకటి ఉతుకులో నడుస్తుంది. కప్పుకునే వాటి విషయంలో ఊరిని చూడాలి. ఆదిలాబాద్, నిర్మల్ వైపు శీతకాలం గడవాలంటే మందపాటి రగ్గు ఉండాలి. కాకినాడ, విశాఖపట్నంలో మామూలు దుప్పటితో సరిపెట్టుకోవచ్చు.

గదిలో ఎవరెవరు ఉంటారో ముందే తెలిస్తే ఒకసారి ఫోనులో మాట్లాడుకోవడం ఎంతో మేలు. ఇస్త్రీ పెట్టె, చీపురు, చెత్తబుట్ట, సూది దారం, స్క్రూడ్రైవరు, బట్టలు ఆరేసే తాడు వంటివి గదికి ఒక్కొక్కటి చాలు. ముగ్గురూ మూడేసి తెచ్చుకుంటే ఆరు వస్తువులు ఏడాదంతా మూలన పడి ఉంటాయి. బకెట్టు, మగ్గు మాత్రం ఎవరివి వారికి ఉండవలసిందే, ఆ విషయంలో పొదుపు పనికిరాదు.

సామాను దేనిలో తీసుకువెళ్లాలన్నదీ ఇప్పుడే తేల్చుకోవాలి. చక్రాల సూట్‌కేసు ప్రయాణానికి సుఖమే గాని, గదిలో దానితో ఒక చిక్కు ఉంది. రెండు సమాన భాగాలుగా విడిపోయే గట్టి సూట్‌కేసును తెరవాలంటే మంచం కింది నుంచి పూర్తిగా బయటికి లాగి, దాని వెడల్పుకు రెండింతల నేల మీద పరవాలి. ఒక చొక్కా కోసం దారి మొత్తం మూసుకుపోతుంది. పై మూత మాత్రమే లేచే ట్రంకు పెట్టెకు తన అడుగుభాగం మేరకే నేల కావాలి. దానికి ఎలుక కన్నం పెట్టలేదు, తాళం గట్టిగా పడుతుంది, ఎవరైనా వస్తే కూర్చోవడానికీ పనికివస్తుంది. అందుచేత పాత వస్తువని చిన్నచూపు చూడకుండా ట్రంకు పెట్టెనే ఎంచుకోమని నా సలహా. అయితే దాని ఎత్తు మంచం కింది ఖాళీ కన్నా తక్కువగా ఉండాలి. ఈ ఖాళీ హాస్టల్‌కో తీరుగా ఉంటుంది కాబట్టి, అక్కడ చదువుతున్న సీనియర్‌నెవరినైనా అడిగి టేపుతో కొలిపించి, ఆ తర్వాతే పెట్టె కొనడం క్షేమం.

ప్రకటనల్లో కనిపించే మడత అరలు, గుడ్డ బీరువాలు, రంగురంగుల ప్లాస్టిక్ బుట్టలు బయలుదేరే ముందు కొనవద్దు. గదిలో కనీసం రెండు వారాలు ఉంటే గాని ఏ వస్తువు ఎక్కడ ఇబ్బంది పెడుతుందో తెలియదు. ముందే కొన్న బుట్టకు తగిన మూల గదిలో లేకపోతే ఆ బుట్టే అదనపు సామాను అవుతుంది.

రెండవ అడుగు: ఖాళీ గదిని చూసి మంచాలు వేయడం

గదిలోకి చేరిన రోజు మూటలు వరండాలోనే ఉంచి, ముందు గదిని పరిశీలించాలి. ప్లగ్గులు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఏ గోడకు చెమ్మ దిగుతోంది, వాన పడితే ఏ కిటికీలోంచి జల్లు కొడుతుంది, బీరువా తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా అన్నవి సామాను పరిచాక తెలుసుకున్నా ఉపయోగం ఉండదు. చెమ్మ ఉన్న గోడకు బీరువాను గాని పుస్తకాలను గాని ఆనించకూడదు. మంచాల ఇనుప గొట్టాల అతుకులను, పరుపు కుట్లను దగ్గరగా చూసి నల్లులు లేవని నిర్ధారించుకోవాలి. అనుమానం ఉంటే పరుపును ఎర్రటి ఎండలో రోజంతా వేసి, అతుకుల్లో వేడి నీళ్లు పోయడం, వార్డెన్‌కు చెప్పి మందు కొట్టించడం మొదటి రోజే జరగాలి.

మంచాలను ఒకదానికొకటి ఆనించి వేస్తే మధ్యలో చోటు కలిసివచ్చినట్టు కనిపిస్తుంది. కానీ అప్పుడు నడి మంచం కింది సామాను తీయడానికి దారి ఉండదు, ఒక మంచంలో నల్లులు పడితే మూడింటికీ పాకుతాయి. రెండు మంచాలను పొడవు గోడల వెంట ఎదురెదురుగా, మూడవదాన్ని తలుపు లేని పొట్టి గోడ వెంట వేస్తే మధ్యలో నేల ఒకే ముక్కగా మిగులుతుంది. పదడుగుల వెడల్పులో రెండు మంచాలకు ఆరడుగులు పోగా మధ్యన దాదాపు నాలుగడుగులు వస్తాయి. ప్రతి మంచాన్నీ గోడకు రెండు మూడు అంగుళాలు ఎడంగా ఉంచాలి. ఆ సందులో చీపురు దూరుతుంది, గోడ చెమ్మ పరుపుకు ఎక్కదు, ఇంజనీరింగ్ డ్రాయింగు బోర్డు నిలువుగా నిలబడుతుంది.

మూడవ అడుగు: మంచం కింద గిడ్డంగి

హాస్టల్ గదిలో అన్నిటికన్నా పెద్ద అర మంచం కిందే ఉంటుంది. నేల నుంచి మంచం పట్టీ వరకు 15 అంగుళాలు ఉందనుకుంటే, ఆరడుగులు, మూడడుగులు, అడుగుంపావు గుణిస్తే ఇరవై రెండున్నర ఘనపుటడుగుల చోటు. చేతికి దొరికినదల్లా అందులోకి తోసేయడం వల్లే ఇంత చోటూ వృథా అవుతుంది. దీన్ని మనసులో మూడు వరుసలుగా విభజించుకోవాలి. గోడ వైపు వరుసలో ఏడాదికి ఒకటి రెండుసార్లు తీసేవి ఉండాలి: చలికాలపు రగ్గు, ఖాళీ సంచులు, గడిచిన సెమిస్టరు పుస్తకాలు. నడి వరుసలో వారానికోసారి అవసరమయ్యే ట్రంకు పెట్టె. బయటి అంచున రోజూ ముట్టుకునే చెప్పులు, బూట్లు, ఉతకవలసిన బట్టల సంచి. ఈ వరుస తప్పితే రోజూ పొద్దున్నే పెట్టె లాగి చెప్పులు వెతుక్కోవలసి వస్తుంది.

పెట్టెను లాగడానికి చక్రాల బల్లలేవీ అక్కరలేదు. ఎన్నికల తర్వాతో కాలేజీ ఉత్సవం తర్వాతో దొరికే పాత ఫ్లెక్సీ నుంచి మంచం వెడల్పుకు సరిపడే ముక్క కోసి, నున్నటి వైపు నేలకు ఉండేలా పరిచి, దాని మీద ట్రంకు పెట్టెను పెట్టాలి. ఫ్లెక్సీ అంచు పట్టుకుని లాగితే గచ్చు మీద బరువు పెట్టె కూడా గీరుకోకుండా జారి వస్తుంది. ఊడ్చేటప్పుడు లాగి, తుడిచి, మళ్లీ తోసేయవచ్చు. గది కడిగినప్పుడు నీళ్లు పెట్టె అడుక్కు చేరవు కనుక తుప్పు కూడా పట్టదు.

మంచం ఎత్తు పెంచితే చోటు మరింత కలుస్తుంది. ఆరంగుళాలు లేపితే ఒక్కొక్క మంచం కింద తొమ్మిది ఘనపుటడుగులు అదనంగా వస్తాయి, అంటే ఒక పెద్ద పెట్టె చోటు. అయితే విడి ఇటుకల మీద మంచం కాళ్లు నిలపడం ప్రమాదం. ఎవరైనా దబ్బున కూర్చుంటే ఇటుక జారుతుంది. కాలు దిగేంత గుంట తొలిచిన గట్టి చెక్క దిమ్మెలు వడ్రంగి దగ్గర చేయించుకుని, వార్డెన్ అనుమతి తీసుకున్నాకే వాడాలి. మంచం నుంచి నేల వరకు పాత చీర గాని దుప్పటి గాని తెరలా వేలాడదీసి సామాను కనిపించకుండా చేయడం చాలా గదుల్లో ఉంది. చూపుకు బాగానే ఉంటుంది గాని, దాని వెనక దోమలు చేరతాయి, దుమ్ము కంటపడదు. నన్నడిగితే తెర వద్దు, కనిపిస్తేనే సర్దుతాం.

నాలుగవ అడుగు: బీరువా

హాస్టల్ బీరువా అరలు చాలావరకు ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ. బట్టలను దొంతరగా పేరిస్తే అడుగునున్నది లాగగానే దొంతర కూలుతుంది. చొక్కాలను, ప్యాంట్లను ఒకే కొలతకు మడిచి, అరలో పుస్తకాలు నిలబెట్టినట్టు అంచు బయటికి కనిపించేలా వరసగా నిలబెడితే దేన్ని తీసినా మిగతావి కదలవు. వరుస పడిపోకుండా ఒక పక్క గట్టి అట్టపెట్టె ఆనించి, లోదుస్తులూ మేజోళ్లూ అందులో వేసుకోవచ్చు. అర మరీ ఎత్తుగా ఉంటే, రెండు చెప్పుల పెట్టెల మీద ఒక పలుచని చెక్క వేసి అరను రెండుగా చేసుకోవాలి.

కలరా ఉండలు వేసేటప్పుడు వాటిని చిన్న గుడ్డలో మూటగట్టి బట్టల వెనక ఉంచాలి. ఇరుకు గదిలో ఆ వాసన ముగ్గురికీ తలనొప్పి తెస్తుంది కాబట్టి ఒకటి రెండుకు మించవద్దు. ఎండబెట్టిన వేపాకు ఆ పని కొంతవరకు చేస్తుంది. బీరువా పైభాగం ఖాళీ సూట్‌కేసుకు సరిపోతుంది. తేలికైనవి మాత్రమే పెట్టాలి, సీలింగు ఫ్యాను రెక్కలకు తగలనంత దూరం ఉందో లేదో ఫ్యాను ఆపి చూసుకోవాలి.

లోపలి తాళపు అరలో కాగితాల సంచి ఒక్కటే ఉండాలి. పదో తరగతి, ఇంటర్ మెమోల జిరాక్సులు, బోనఫైడ్, కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు, ఆధార్ నకలు, ఫీజు రసీదులు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఇవన్నీ జిప్పు ఉన్న ఒకే ప్లాస్టిక్ ఫోల్డరులో ఉంచాలి. ఫీజు రీయింబర్స్‌మెంటు దరఖాస్తుకో స్కాలర్‌షిప్ పరిశీలనకో ఈ కాగితాలు ఏటా అడుగుతూనే ఉంటారు. వాటి కోసం పెట్టెలన్నీ తిరగేసిన రోజున, నెల రోజుల సర్దుబాటు ఒక్క గంటలో చెదిరిపోతుంది. ప్రతిదాన్నీ ఒకసారి స్కాన్ చేసి ఫోనులోనూ మెయిల్లోనూ దాచుకుంటే ఒక్కొక్క పత్రానికి పది జిరాక్సులు నిల్వ చేయవలసిన పని తప్పుతుంది.

ఐదవ అడుగు: గోడ, తలుపు, కిటికీ

నేల మీద లేనిది గోడ మీద ఉండాలి. కానీ మేకులు కొట్టడం చాలా హాస్టళ్లలో నిషేధం, ఖాళీ చేసేటప్పుడు, చేరినప్పుడు కట్టిన కాషన్ డిపాజిట్ నుంచి కోత పడవచ్చు. అంటించే కొక్కేలు కొందామనుకునేవారు ముందు గోడను అరచేత్తో రుద్ది చూడాలి. చేతికి తెల్లగా పొడి అంటితే అది సున్నమో చౌక డిస్టెంపరో అని అర్థం. అలాంటి గోడకు ఎంత మంచి జిగురైనా పైపొరకే అంటుతుంది, చొక్కా తగిలించిన రెండో రోజు పెచ్చుతో సహా ఊడి కింద పడుతుంది. అవే కొక్కేలు ఆయిల్ పెయింటు వేసిన తలుపుకు, బీరువా పక్క రేకుకు, టైల్సుకు గట్టిగా నిలుస్తాయి. ఇనుప బీరువాకు అయస్కాంతపు కొక్కెం మరీ సుఖం, జిగురు అక్కరలేదు. కిటికీ ఊచలకు ఎస్ ఆకారపు కొక్కేలు తగిలిస్తే సంచులు, గొడుగు, ల్యాబ్ ఏప్రన్ వేలాడతాయి. కిటికీ మొత్తం మూసేస్తే మాత్రం గాలి ఆగిపోతుంది, కింది సగానికే పరిమితం కావాలి.

గది మధ్యలో ఈ చివరి నుంచి ఆ చివరికి దండెం కట్టడం హాస్టళ్లలో అనాదిగా ఉన్న అలవాటు. తలకు తగలడం, ఫ్యాను గాలిని అడ్డుకోవడం అటుంచి, తడి బట్టలు గదిలో ఆరితే ఆ చెమ్మ పుస్తకాలకు, పరుపులకు పడుతుంది. ఆరేయడం వరండాలోనో మేడ మీదో జరగాలి. లోపల కట్టక తప్పకపోతే గోడ వెంట కట్టి, ఆరిన బట్టలు ఆ సాయంత్రమే తీసేయాలన్న నియమం పెట్టుకోవాలి. లేకపోతే దండెమే బీరువాగా మారుతుంది.

ఆరవ అడుగు: చదువు బల్ల, కరెంటు

మూడడుగుల బల్ల మీద ల్యాప్‌టాప్, ఒక నోటుపుస్తకం, నీళ్ల సీసా తప్ప మరేమీ శాశ్వతంగా ఉండకూడదు. ఆ వారానికి కావలసిన పుస్తకాలు బల్ల వెనక గోడకు ఆనించి నిలబెట్టాలి, మిగతావి బీరువాలో పై అరలోకి పోవాలి. డ్రాయింగు షీట్లను మడవకూడదు కాబట్టి చుట్టగా చుట్టి ప్లాస్టిక్ గొట్టంలో వేసి, ఆ గొట్టాన్ని బీరువా పక్క కొక్కేనికి తగిలించాలి. డ్రాయింగుకు గీతలు గీసే పరికరమైన డ్రాఫ్టరు దాని సంచిలోనే డ్రాయింగు బోర్డుతో పాటు మంచం వెనక సందులో ఉంటుంది. ల్యాబ్ రికార్డులు దిద్ది ఇచ్చాక ప్రాక్టికల్ పరీక్ష అయ్యేవరకు దాచాలి. జిరాక్సు నోట్సు మాత్రం పరీక్ష అయిన మర్నాడే పాత పేపర్లతో కలిపి అమ్మేయవచ్చు.

గదిలో ప్లగ్గులు రెండే ఉంటే ఎక్స్‌టెన్షన్ బోర్డు తప్పదు. మామూలు చిన్న ప్లగ్గు 6 యాంపియర్లది. 230 వోల్టుల దగ్గర అది మోయగలిగేది 1,380 వాట్లు. మూడు ల్యాప్‌టాప్ ఛార్జర్లు, మూడు ఫోన్లు కలిపినా 300 వాట్ల లోపే కాబట్టి భయం లేదు. కరెంటు కెటిల్ ఒక్కటే సాధారణంగా 1,500 వాట్లు, నీళ్లు కాచే రాడ్లు కూడా వెయ్యి నుంచి అంతవరకు ఉంటాయి. అందుకే వాటిని హాస్టల్ వారు వద్దంటారు, ఆ మాట వినడమే మంచిది. బోర్డును నేల మీద, మంచం కింద, పరుపు మీద ఉంచకుండా బల్ల కాలికి పైభాగాన ప్లాస్టిక్ పట్టీతో బిగించాలి. వైర్లను దారికి అడ్డంగా కాక గోడ మూల వెంట తీసుకువెళితే కాళ్లకు తగలవు, ఊడ్చేటప్పుడు నీళ్లలో తడవవు.

ఏడవ అడుగు: పచ్చళ్లు, పొడులు, పిండివంటలు

ఇంటి నుంచి వచ్చే ఆవకాయ, గోంగూర, కందిపొడి, నెయ్యి లేకుండా హాస్టల్ జీవితం గడవదు, మెస్సు భోజనం ఎంత బాగున్నా సరే. అయితే రెండు కిలోల జాడీ తెచ్చి గదిలో పెట్టడం పొరపాటు. పావు కిలో పట్టే మూత బిగువైన సీసాలు మూడు తెచ్చుకుని, మిగతాది ఇంటి దగ్గరే ఉంచి, వెళ్లినప్పుడల్లా నింపుకోవాలి. సీసాలన్నీ అంచు ఉన్న ఒక స్టీలు పళ్లెంలో ఉంచాలి, ఎందుకంటే ఆవకాయ నూనె ఎంత గట్టి మూత నుంచైనా కారి, అర రేకు మీద ఎర్రటి వలయం కట్టి, పక్కనున్న రికార్డు పుస్తకానికి అంటుతుంది. ఆ మరక పోదు. పొడి చెంచానే వాడాలి, ముక్కల మీద నూనె తేలి ఉండాలి. చెయ్యి తడి తగిలిన సీసా వారంలో బూజు పడుతుంది.

సున్నుండలు, అరిసెలు, జంతికలు స్టీలు డబ్బాలో ఉండాలి. ప్లాస్టిక్ కవరును ఎలుక ఒక్క రాత్రిలో కొరుకుతుంది. చీమలు పట్టే గది అయితే లోతు పళ్లెంలో నీళ్లు పోసి మధ్యలో డబ్బా ఉంచడం పాత ఉపాయమే గాని ఇప్పటికీ పనిచేస్తుంది. తినుబండారాలు ముగ్గురివీ ఒకే అరలో ఉంటే, ఎవరి డబ్బా ముందు ఖాళీ అయిందన్న తగాదా తప్పకపోవచ్చు, కానీ చీమల దారి మాత్రం ఒక్కచోటికే పరిమితమవుతుంది.

తడి సామాను

బకెట్లు మూడూ ఒకదానిలో ఒకటి దూర్చి, పై బకెట్టులో మగ్గులు, సబ్బు పెట్టెలు పెట్టి తలుపు వెనక మూలన ఉంచాలి. నీళ్లు పూర్తిగా వంపాకే లోపలికి తేవాలి. బూట్లను వరండాలో వదిలితే పోయినా పోతాయి, కోతులు తిరిగే ప్రాంగణాల్లో అయితే తప్పక పోతాయి. పాత వార్తాపత్రిక ఉండ చేసి బూటులో కుక్కితే తడినీ వాసననూ పీలుస్తుంది.

ఎనిమిదవ అడుగు: ఊరికి వెళ్లేటప్పుడు, ఏడాది చివర

గదిలోకి సామాను రావడం ఆగదు. పుస్తకాలు, జిరాక్సులు, ఉత్సవాల టీషర్టులు, పుట్టినరోజు కానుకలు సెమిస్టరుకు ఒక పెట్టెడు పెరుగుతాయి. పదో తరగతి తర్వాత చేరి ఆరేళ్లపాటు ప్రాంగణంలోనే చదివే నూజివీడు, ఇడుపులపాయ, బాసర ట్రిపుల్ ఐటీల విద్యార్థులకు ఇది మరీ పెద్ద సమస్య. దీనికి మందు ఒక్కటే. దసరాకు, సంక్రాంతికి ఊరికి బయలుదేరేటప్పుడు సంచి ఖాళీగా తీసుకువెళ్లకూడదు. ఆ ఋతువులో ఇక వాడనివి, పూర్తయిన సబ్జెక్టులవి, పొట్టి అయిన బట్టలు సంచి నిండా నింపి ఇంట్లో దించి రావాలి. తిరిగి వచ్చేటప్పుడు అదే సంచిలో పట్టినంతే తేవాలి. పాఠ్యపుస్తకాలు, డ్రాఫ్టరు, ఏప్రన్ జూనియర్లకు సగం ధరకు అమ్మవచ్చు, లేదా ఊరికే ఇచ్చేయవచ్చు. వాటిని జ్ఞాపకంగా దాచుకునేంత చోటు ఈ గదిలో లేదు.

వేసవి సెలవులకు చాలా హాస్టళ్లలో గదులు ఖాళీ చేయించి, వచ్చే ఏడాదికి వేరే గది ఇస్తారు. సామాను స్టోర్ రూములో ఉంచనిస్తారో లేదో పరీక్షలకు ముందే వార్డెన్‌ను అడగాలి. ఉంచనిస్తే ట్రంకు పెట్టెలో పుస్తకాలు, గిన్నెలు, బకెట్టు మగ్గు మాత్రమే పెట్టి, తినుబండారాల తునక కూడా మిగలకుండా చూసి, మూత పైనా పక్కనా పేరు, హాల్‌టికెట్ నెంబరు, ఫోను నెంబరు పెయింటుతో రాయాలి, కాగితం చీటీ వానాకాలానికి నిలవదు. పరుపును చుట్టి, పాత దుప్పటిలో కట్టి, పెట్టె మీద ఉంచాలి. విలువైనవి, సర్టిఫికెట్లు, ఛార్జర్లు వెంట తీసుకువెళ్లాలి. గది ఖాళీ అయ్యాక గోడలు, తలుపు, బీరువా, మంచాలను ఫోనుతో ఫొటోలు తీసి దాచుకుంటే డిపాజిట్ తిరిగి తీసుకునేటప్పుడు పనికివస్తాయి. బీరువా తాళం చెవులు వార్డెన్‌కు అప్పగించి, రిజిస్టరులో సంతకం చేయించుకున్నాకే స్టేషనుకు బయలుదేరాలి.